అక్కల దుకాణంలో తెల్ల దారం

లీయమ్మ ఆదివారం పొద్దున చర్చికి పోలేదంటే బీదర్‌లో ఎవరూ నమ్మరు. జ్వరమొచ్చినా పోయేది, వాన దంచినా పోయేది. భర్త సంసోను చనిపోయిన వారం కూడా ఎప్పుడూ కూర్చునే రెండో వరసలోనే కూర్చుంది. అలాంటి మనిషి 2006లో ఒక ఆదివారం ఉతికిన చీర కట్టుకుని, బైబిలు సంచి భుజానికి తగిలించుకుని, ఇంట్లో చర్చికనే చెప్పి బయల్దేరింది. చౌబారా బురుజు దగ్గర ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగింది. సంచిలో బైబిలు పక్కన దుకాణం తాళంచెవి ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి సొంత దుకాణం తాళం తియ్యడానికి దొంగలా పోవడమేమిటి అంటారా? అది చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి పోవాలి. కాస్త ఓపిక పట్టండి.

అక్కల దుకాణం తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. బోర్డు మీద కన్నడంలో ఏదో పెద్ద పేరు ఉండేది కానీ దాన్ని రాసిన పెయింటరు తప్ప ఎవరూ చదివిన పాపాన పోలేదు. అందరికీ అది అక్కల దుకాణమే. పెద్దక్క లీయమ్మ, చిన్నక్క మహానంద. తోబుట్టువులేం కారు. కులమొకటి కాదు, మొక్కే దేవుడూ ఒకడు కాదు. లీయమ్మ బీదర్‌లోనే పుట్టి పెరిగి, ఇల్లిల్లూ తిరిగి జాకెట్టు ముక్కలు అమ్మేది. మహానంద హళ్ళిఖేడ్ నుంచి వచ్చి అదే సందులో ఒక గది కిరాయికి తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. ఒకరు అమ్మిన ముక్క ఇంకొకరు కుట్టేవారు. స్నేహం అక్కడ మొదలైంది.

దుకాణం మొదలైంది మాత్రం హైదరాబాద్ పుణ్యాన. సంసోను టెంపో నడిపేవాడు. ఇక్కడి నుంచి అల్లం, కందిపప్పు బస్తాలు వేసుకుపోయి, అక్కడ దింపి, ఖాళీ బండితో తిరిగొచ్చేవాడు. హైదరాబాద్ అప్పుడే పెరగడం మొదలుపెట్టింది. వారానికొక పాత దుకాణం మూతపడేది, దాని స్థానంలో అద్దాల బిల్డింగు లేచేది. 1994లో ఒకనాడు సంసోను ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పాడు.

"ఆబిడ్స్‌ల ఒక పెద్ద దుకాన్ మూస్తున్నరు. చీరలు, చెద్దర్లు, గిన్నెలు, అన్ని బస్తాల లెక్కన అమ్ముతున్నరు. నా బండి ఎట్లయిన ఖాళీగనే వస్తాంది. ఏమంటవ్?"

లీయమ్మ, వాళ్ళ అరుగు మీద కూర్చుని గుండీలు కుడుతున్న మహానంద వైపు చూసింది. మహానంద కుట్టడం ఆపి, "రెండు బస్తాలు తెస్తే పోయేదేమున్నది అక్కా," అంది. అంతే. ఆ రెండు బస్తాలే దుకాణమైంది.

ఆ దుకాణంలో బేరం లేదు. బేరానికి బదులు దారం ఉండేది. సరుకు రాగానే చీటీ మీద ధర రాసి, దాన్ని తెల్ల దారంతో కట్టేవారు. నెల రోజులు ఎవరూ కొనకపోతే పసుపు దారం కట్టి పావు వంతు తగ్గించేవారు. రెండో నెల కూడా ఉండిపోతే ఎర్ర దారం, సగం ధర. దారాలు మార్చేది మంగళవారం. ఎర్ర దారం మంగళవారమంటే జనవాడ నుంచి, దుబల్గుండి నుంచి కూడా బస్సులెక్కి వచ్చేవారు. ఆ రోజు సందులో సైకిలు కూడా నడిచేది కాదు.

అయితే రెండో ఏడే పుట్టి మునగబోయింది. లీయమ్మ మంచి చీరలన్నీ తన చర్చి ఆడవాళ్ళకని కౌంటరు కింద పెడుతోందని మహానంద అంది. మంచి గిన్నెలన్నీ నీ హళ్ళిఖేడ్ చుట్టాలకని నువ్వు అటక మీద పెట్టలేదా అని లీయమ్మ అంది. ఇద్దరి మాటా నిజమే. అందుకే అంత గట్టిగా అరుచుకున్నారు. గడప అవతల పాతికమంది నిలబడి విన్నారు. ఆ పాతికమందిలో చర్చివాళ్ళూ లేరు, హళ్ళిఖేడ్ వాళ్ళూ లేరు. వాళ్ళ ముఖాలు చూసేసరికి ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నారు. లీయమ్మ బైబిలు మీద చెయ్యి వేసింది. మహానంద ఏటా దసరాకు పసుపు కుంకుమ పెట్టే తన కుట్టుమిషను మీద చెయ్యి వేసింది. ఎవరికోసమూ ఏ వస్తువూ పక్కన పెట్టకూడదు. అక్కల ఇళ్ళకు ఏది కావాలన్నా, ఎర్ర దారం పడ్డాక, గిరాకీలందరూ చూసి వదిలేశాకే తీసుకోవాలి. తమవాళ్ళకోసం ధర ముందే దించకుండా ఇంకో కట్టడి కూడా పెట్టుకున్నారు: తెల్ల దారం ఎవరు కట్టారో పసుపు, ఎర్ర దారాలు కూడా వాళ్ళే కట్టాలి, రెండో మనిషి చూస్తుండగా కట్టాలి. ముడులు కూడా వేరే. మహానందది దర్జీ ముడి, చిన్నగా, గట్టిగా ఉండేది. లీయమ్మ రెండు పేటలు వేసి, చివర చిన్న చెవి వదిలేది. "మాట తప్పినదాంతోని దుకాన్ నడపను," అంది మహానంద. "నేను గూడ," అంది లీయమ్మ. ఆ ఒట్టు మీదే దుకాణం నిలబడింది. అక్కల దగ్గర అందరికీ ఒకే న్యాయమని ఊరు నమ్మింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒట్టును లీయమ్మ ఆరు నెలలు తిరక్కుండానే తప్పింది.

తప్పించింది పళ్ళబండి బక్కమ్మ. ఒక చలికాలం బక్కమ్మ దుకాణానికి వచ్చి, ఒక సోలాపూర్ చెద్దరు విప్పి చూసి, మడిచి, మళ్ళీ విప్పి, చివరికి అటూ ఇటూ చూసి దాన్ని ప్లాస్టిక్ బకెట్ల వెనక్కి తోసేసింది. ఎర్ర దారం పడేదాకా ఎవరి కంటా పడకూడదని. లీయమ్మ గుడ్డల కుప్ప వెనక నుంచి అంతా చూసింది. చర్రున కోపమొచ్చింది. బక్కమ్మ పోగానే చెద్దరు బయటికి లాగి అరలో పెడదామని వెళ్ళింది. తీరా చూస్తే అది నేలకు తగలకుండా కింద తన కొంగులోంచి చింపిన గుడ్డ పరిచి పోయింది బక్కమ్మ. లీయమ్మ చెద్దరును కదపలేదు. తర్వాత బకెట్లు ఇంకాస్త దగ్గరికి జరిపి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది.

ఒకటితో ఆగుతుందా? కళ్ళు తెరుచుకున్నాక అన్నీ కనపడటం మొదలయ్యాయి. జనవాడ రాచమ్మ టిఫిన్ డబ్బాను పెద్ద గుండీగలో పడేసి మూత పెట్టేది. ఒక పంతులమ్మ రెయిన్‌కోటును పరుపుల మధ్యకు దూర్చేది. దాచేవాళ్ళంతా దారం దిగితే తప్ప కొనలేనివాళ్ళు. దారం మారే మంగళవారం పొద్దున్నే వాళ్ళే వచ్చి, దాచినదాన్ని తీసి మళ్ళీ అరలో పెట్టేవారు. పైగా ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు ముఖాలు అమాయకంగా పెట్టుకుని బయటికి పోయేవారు. లీయమ్మకు నవ్వొచ్చేది, జాలీ వేసేది. దాచినదాన్ని కదపకపోవడమంటే పక్కన పెట్టినట్టే కదా? ఎంత సర్ది చెప్పుకున్నా అంతే. బైబిలు మీద వేసిన చెయ్యి అది. కొత్త గిరాకీ ఎవరైనా బకెట్ల మూలకు పోతే, "అటు పోకు బిడ్డా, ఎలుకల మందు పెట్టిన," అని అబద్ధం కూడా ఆడేది.

మహానందకు తెలిస్తే?  మహానంద మాటంటే మాటే. కొలతలో అరంగుళం తేడా వస్తే జాకెట్టంతా విప్పి మళ్ళీ కుట్టే మనిషి. మాట తప్పినదాంతో దుకాణం నడపనంటే నడపదు. పిల్లల పెళ్ళిళ్ళకూ, పురుళ్ళకూ, సంసోను చావుకూ పక్కన నిలబడిన ఒకే ఒక్క మనిషిని పోగొట్టుకోవడానికి లీయమ్మకు ధైర్యం లేదు. అదృష్టం ఏమిటంటే మహానంద ఎలుకల మందు మాట నమ్మింది. నమ్మడమే కాదు, "ఆ మూలకు పోకుండ్రి, మందున్నది," అని తను కూడా గిరాకీలకు చెప్పేది.

సంసోను సంగతి కూడా చెప్పాలి. అతను నవ్వుతూ బతికిన మనిషి. ఇంట్లో ఏది అడిగినా, "ఎర్ర దారం పడనియ్యి," అనేవాడు. కొత్త కుర్చీ కావాలన్నా అదే మాట, కూరలో ఉప్పు తక్కువైందన్నా అదే మాట. 1998లో, అక్టోబరు నెలలో, అతను తెచ్చిన బస్తాలోంచి లీయమ్మ చేతికొక చీర వచ్చింది. నెమలికంఠం రంగు, సన్నని జరీ అంచు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్క నిమిషం అలాగే కూర్చుంది. సంసోను చూశాడు. తర్వాత ఆమె రెండువందల ఎనభై అని చీటీ రాసి, తెల్ల దారం కట్టి అరలో పెట్టింది. నియమం నియమమే. నెల తిరిగి పసుపు దారం కట్టే మంగళవారం నాటికి చీర అరలో లేదు. ఎవరో కొనుక్కుపోయారు అనుకుంది.

ఆ నవంబరు చివర్లో సంసోను పోయాడు. జహీరాబాద్ దగ్గర ఛాతీలో నొప్పి వస్తే, బండిని పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. సరుకు మీద ఒక్క గీత పడలేదు. ఊరందరికీ చీరలు మోసుకొచ్చినవాడు దుకాణం పెట్టాక తనకొక్క చీర కొనివ్వలేదని లీయమ్మ మనసులో ఒక ముల్లు అప్పుడు కూడా ఉంది. శవపెట్టె మూసేటప్పుడు కూడా ఆ మాట మెదిలింది. అలా మెదిలినందుకు తర్వాత ఎన్నోసార్లు మోకాళ్ళ మీద ఏడ్చింది, కానీ ముల్లు పోలేదు. ఆ నెమలికంఠం చీర ఎవరు కొన్నారో చూడాలని చర్చిలో, సంతలో, బస్టాండులో ప్రతి ఆడమనిషినీ వెతికేది. చీర కొన్నవాళ్ళు ఎప్పుడో ఒకనాడు కట్టాలి కదా. ఎనిమిదేళ్ళలో ఎవరి ఒంటి మీదా అది కనపడలేదు.

ఇక 2006కు రండి. దుకాణం పెట్టించిన హైదరాబాదే దుకాణాన్ని లేపేసింది. ఇంటి యజమాని అక్కడ ప్లాట్ల వ్యాపారంలో బాగా గడించి, ఇక్కడి పాత కట్టడాన్ని కూల్చి కాంప్లెక్సు కడతానన్నాడు. అక్కలు బస్టాండు దారిలో కొత్త గది చూసుకున్నారు. సోమవారం పొద్దున టెంపో, ఎనిమిదిమంది హమాలీలు. ప్రతి వస్తువూ నేల మీదికి రావాలి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని లెక్క చూసుకోవాలి. అంటే బకెట్ల వెనక ఉన్నదీ, గుండీగలో ఉన్నదీ, పరుపుల మధ్య ఉన్నదీ మహానంద కళ్ళ ముందు బయటపడుతుంది. ఆ మూలలో పదేళ్ళుగా ఎలుకల మందు చిటికెడు కూడా లేదని కూడా బయటపడుతుంది.

అందుకే ఆ ఆదివారం. దాచిన వస్తువులన్నీ ముందే తీసి, ఎవరిది ఏదో గుర్తుపెట్టుకుని, కొత్త దుకాణంలో మళ్ళీ దాచాలి. కొత్త దుకాణంలో దాచే చోటు ఉండాలని, అంతకుముందు వారమే వడ్రంగి ఖండప్ప దగ్గరికి ఒంటరిగా పోయి, అరలకూ గోడకూ మధ్య జానెడు సందు వదలమని చెప్పి వచ్చింది. గోడ చెమ్మ అని సాకు చెప్పింది. కొత్త గోడకు చెమ్మేమిటని అడగకుండా ఖండప్ప ఆమె ముఖం వైపు అదోలా చూసి, సరేనన్నాడు. దాచినవాళ్ళ పేర్లన్నీ కాగితం మీద రాసుకుని, బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టుకుంది. మొత్తం పదకొండు.

దుకాణం దగ్గరికి వచ్చేసరికి తలుపుకు తాళం లేదు. లోపల గడియ వేసి ఉంది. దొంగలేమో అనుకుంది. వెనక సందులోంచి పోయి, గడియ సరిగ్గా పడని పెరటి తలుపును భుజంతో నెట్టింది.

లోపల నేల మీద మహానంద కూర్చుని ఉంది. చుట్టూ చెద్దరు, టిఫిన్ డబ్బా, పిల్లల బూట్లు, కుక్కరు, రెయిన్‌కోటు. చేతిలో పెన్సిలు. ఒక్కొక్కదాని మీదా చిన్న కాగితం పెట్టి పేరు రాస్తోంది. లీయమ్మను చూసి పెన్సిలు జారవిడిచింది.



"చర్చికి పోలేవా అక్కా?" అంది మహానంద.

"నువ్వు ఝరణికి పోతనంటివి గద, నరసింహస్వామి దగ్గరికి."

"ఇంట్ల గట్లనే చెప్పిన."

"నేను చర్చికని చెప్పిన."

మహానంద తల దించుకుంది. "అక్కా, నన్ను తిట్టాలనుంటే తిట్టు. బక్కమ్మ చెద్దరు దాసుకుంటుంటె చూసిన, పదేండ్లయింది. తియ్యబుద్ధి కాలే. ఆ తర్వాత ఎవరు దాసుకున్న తియ్యలే. మిషను మీద చెయ్యేసి ఒట్టు పెట్టి మాట తప్పిన. నువ్వు మాట మీద నిలబడే మనిషివి, నీకు తెలిస్తే మల్ల నా ముఖం చూస్తవా అని ఇన్నేండ్లు భయంతోని సచ్చిన."

లీయమ్మ బైబిలు తెరిచి, కాగితం తీసి ఆమె ఒళ్ళో వేసింది. మహానంద చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. బక్కమ్మ, ఈసారి కుక్కరు. రాచమ్మ, మళ్ళీ టిఫిన్ డబ్బా. పంతులమ్మ, మళ్ళీ రెయిన్‌కోటు.

"మరి ఎలుకల మందో?" అంది నెమ్మదిగా.

"నువ్వు పెట్టినవా?"

"నువ్వు పెట్టినవనుకున్న."

"ఎవరు పెట్టలే," అంది లీయమ్మ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పదేళ్ళ భయం ఒక్కసారి దిగిపోతే మనిషికి ఒళ్ళు తేలికైపోతుంది. లీయమ్మ బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నవ్వుతూనే కాగితం పట్టుకుని ఒక్కొక్క వస్తువూ సరిచూసింది. పదకొండూ సరిపోయాయి. కానీ నేల మీద పన్నెండు ఉన్నాయి. మహానంద మోకాలి పక్కన, పాత న్యూసుపేపరులో చుట్టిన ఒక పొట్లం ఉంది.

"అదెవరిది? నా కాగితంల లేదు."

మహానంద నవ్వు ఆగిపోయింది. పొట్లం మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు, ఇవ్వలేదు.

"మహానందా, ఎవరిది?"

"నీదే అక్కా."

లీయమ్మ వంగి పొట్లం తీసుకుంది. కాగితం పచ్చబడి, మడతల దగ్గర పొడిపొడిగా రాలింది. మొదట కనపడింది దారం. తెల్ల దారం, రెండు పేటలు, చివర చిన్న చెవి. తన ముడి. చీటీ మీద రెండువందల ఎనభై, తన చేతిరాత. ఆ తర్వాతే రంగు చూసింది.

"సంసోనన్న దాసిండు," అంది మహానంద. "నువ్వు దాన్ని ఒళ్ళె పెట్టుకున్న నాడే నా దగ్గరికొచ్చిండు. 'చెల్లే, ఎర్ర దారం పడేటాళ్ళకు క్రిస్మస్ అయితది, అప్పటిదాంక దీన్ని ఎవ్వరు చూడొద్దు' అన్నడు. అన్నా, ఒట్టున్నది, పక్కకు పెట్టరాదు అన్న. 'నువ్వు పెట్టకు. బక్కమ్మ తీర్గ నేనే దాసుకుంట. నువ్వు చూడనట్టుండు' అన్నడు. పరుపుల ఎనుక ఆయనే పెట్టిండు. రెండు నెలలు తిరక్కుండనే..."

"ఎనిమిదేండ్లు," అంది లీయమ్మ.

"దినాలయినంక చెప్దామనుకున్న. మల్ల పండుగ పోనీ అనుకున్న. తర్వాత ఎట్ల చెప్పాల్నో తెల్వలే. చెప్తే మాట తప్పిన సంగతి బయటపడ్తది. ఎర్ర దారం కట్టి నీ చేతికిద్దామంటె, తెల్ల దారం నీది. నువ్వే కట్టాలె. నీకు చూపెట్టకుండ నీతోని ఎట్ల కట్టిస్త? ప్రతి మంగళవారం దీన్ని ఒక తావు నుంచి ఇంకో తావుకు మార్చుకుంట వచ్చిన."

లీయమ్మకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, మామూలు కోపం కాదు. "ఆయన పెట్టె మూసేటప్పుడు గూడ నేనేమనుకున్ననో తెలుసా? ఒక్క చీర కొనియ్యకపోతివి అనుకున్న. ఎనిమిదేండ్లు ఆ మనిషిని మనసుల తిట్టుకున్న. పాటలు పాడుకుంట తిట్టుకున్న. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

మహానంద ఏడ్చింది. ఈమె కూడా ఏడ్చింది. ఒకరినొకరు పట్టుకోలేదు, ఓదార్చుకోలేదు, ఎవరి చోట వాళ్ళు కూర్చునే ఏడ్చారు. చర్చి గంట వినపడింది. ఆరాధన అయిపోయి జనం బయటికి వచ్చే వేళ.

లీయమ్మ చీర మడత విప్పింది. లోపల కొంగు మడతలో నాలుగు కాగితాలు ఉన్నాయి. మూడు నోట్లు, ఒక వంద, రెండు ఇరవైలు. నాలుగోది చింపిన బీడీ పొట్లం. దాని మీద సంసోను వంకర రాత: ఎర్ర దారం పైసలు. రెండువందల ఎనభైలో సగం, నూటనలభై. పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు. దుకాణం న్యాయం ప్రకారమే కొనాలనుకున్నాడు.

ఆమె ఆ బీడీ కాగితాన్ని మోకాలి మీద పెట్టి చదును చేసింది. ఇన్నాళ్ళూ తను ఎవరిమీద కోపం పెట్టుకుందో ఆ మనిషి ఇలా ఎదురుగా వచ్చి నిలబడితే ఇంకెవరి మీద కోపం చేసుకుంటుంది? అయినా మహానంద చేసింది ఏమిటి? తను పదకొండుమందికి చేసిందే సంసోనుకు చేసింది. దాచుకున్నదాన్ని కదపలేదు.

"మహానందా," అంది ముక్కు తుడుచుకుని. "ఎర్ర దారం ఉండ ఏది?"

మహానంద లేచి మిషను సొరుగులోంచి దారం ఉండ తెచ్చి ఇచ్చింది. లీయమ్మ తెల్ల దారం ముడి విప్పింది. ఎనిమిదేళ్ళనాటి ముడి, గోళ్ళతో రాలేదు, పళ్ళతో విప్పాల్సొచ్చింది. ఎర్ర దారం రెండు పేటలు వేసి, చివర చిన్న చెవి వదిలి కట్టింది.

"చూస్తున్నవు గద?" అంది.

"చూస్తున్న అక్కా."

నూటనలభై రూపాయలు గల్లాపెట్టెలో వేసింది. బీడీ కాగితాన్ని మాత్రం బైబిల్లో, కీర్తనల దగ్గర పెట్టుకుంది. పాత దుకాణంలో ఆఖరి అమ్మకం అదే.

మర్నాడు సరుకంతా కొత్త దుకాణానికి చేరింది. అరల వెనక చూస్తే జానెడు కాదు, రెండు జానల సందు ఉంది, మనిషి అడ్డంగా దూరేంత. లీయమ్మ ఖండప్పను పిలిచి ఇంత ఎందుకు వదిలావని అడిగింది.

"నువ్వొచ్చి జానెడన్నవు, మహానందక్క వొచ్చి జానెడన్నది. ఒకరికి చెప్పొద్దని ఇంకొకరు అన్నరు. నేనేం జెయ్యాలె? ఇద్దరివి కలిపి వదిలిన," అన్నాడు ఖండప్ప.

మంగళవారం బక్కమ్మ వచ్చింది. దుకాణమంతా తిరిగి, అరల వెనక్కి తొంగి చూసి, కుక్కరు కనపడ్డాక ముఖం అమాయకంగా పెట్టుకుని, ఏమీ కొనకుండా పోయింది. దాని పసుపు దారానికి ఇంకా వారం ఉంది. ఇద్దరక్కలూ కౌంటరు దగ్గర తల ఎత్తకుండా లెక్కలు రాసుకున్నారు.

ఆ వచ్చే ఆదివారం లీయమ్మ చౌబారా దగ్గర ఎడమకే తిరిగింది. రెండో వరసలో, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. సంసోను పోయినప్పటి నుంచి వెలిసిపోయిన రంగులు తప్ప కట్టని మనిషి నెమలికంఠం చీరలో కనపడేసరికి వెనక వరసల్లో గుసగుసలు లేచాయి. మడతల దగ్గర రంగు కాస్త తగ్గింది, ఎవరికీ తెలియలేదు. పక్కన కూర్చునే హేబ్సిబా ఊరుకోలేక అంచు పట్టుకుని చూసింది.

"మంచిగున్నది లీయక్కా. ఎన్నడు కొన్నవు?"

"నేను కొనలే," అంది లీయమ్మ, పాటల పుస్తకం తెరుస్తూ. "మా ఆయన కొన్నడు."